పిన్ను ఒకటే, పవర్ వేరు: ఏ సీ టైప్ ఛార్జర్ కొనాలి, ఏ వైరు వద్దనాలి

హన్మకొండ చౌరస్తాలో ఏ మొబైల్ దుకాణానికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "సీ టైపా, పాత పిన్నా?" సీ టైప్ అనగానే ఒక వైరు తీసి చేతిలో పెడతారు. ఆ వైరు ఎన్ని ఆంపులు మోస్తుందో, అడాప్టర్ ఎన్ని వోల్టులు ఇస్తుందో ఇటు అమ్మేవాళ్లూ చెప్పరు, అటు కొనేవాళ్లూ అడగరు. ఇంటికి పోయాక ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ మెల్లగా ఎక్కుతుంది. ల్యాప్‌టాప్‌కు పెడితే అసలే ఎక్కదు. ప్రభుత్వాల నియమాలు పిన్ను ఆకారాన్ని ఒకటి చేశాయి. దాని వెనుక నడిచే పవర్ మాత్రం ఇప్పటికీ రకరకాలుగానే ఉంది. కాబట్టి ఇప్పుడు పోల్చి చూసుకోవాల్సింది పిన్నును కాదు, దాని వెనుక ఉన్న మూడింటిని: అడాప్టర్, వైరు, పరికరం.

నియమంలో ఉన్నది ఎంత

యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన చట్టం 2024 డిసెంబర్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ కొత్తగా అమ్మే ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్స్, చిన్న స్పీకర్లు, కీబోర్డులు, మౌస్‌లు వైరుతో ఛార్జ్ అయ్యేవైతే వాటికి యూఎస్‌బీ సీ టైప్ పోర్టు ఉండాలి. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. సౌదీ అరేబియా కూడా 2025 జనవరి 1 నుంచి ఇలాంటి నియమమే పెట్టింది.

ఈ చట్టంలో ఎక్కువమంది గమనించని మాట ఇంకొకటి ఉంది. 5 వోల్టులు, 3 ఆంపులు, 15 వాట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటి ఛార్జ్ అయ్యే పరికరమైనా యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిని ఒప్పుకుని తీరాలి. దీన్నే పొట్టిగా పీడీ అంటారు. కంపెనీ తన సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు గానీ అది పీడీకి అడ్డు రాకూడదు. పిన్ను ఆకారం కంటే ఈ షరతే కొనేవాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

మన దేశంలో 2022 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ జరిపిన సమావేశంలో ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు సీ టైప్ పెట్టేందుకు కంపెనీలు సుముఖత చూపాయి. 2023 జనవరిలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ టైప్ సీ ప్రమాణాన్ని, అంటే ఐఎస్/ఐఈసీ 62680 భాగం 1-3ను ప్రకటించింది. ప్రమాణం అనేది కొలబద్ద లాంటిది. ప్రభుత్వం దానికి విడిగా ఉత్తర్వు ఇస్తేనే తప్పనిసరి అవుతుంది. అందుకే వరంగల్ స్టేషన్ రోడ్డులో దొరికే ప్రతి సీ టైప్ వస్తువూ ఆ కొలతకు సరిపోతుందని అనుకోవద్దు. మన దగ్గర అడాప్టర్‌కూ పవర్ బ్యాంక్‌కూ తప్పనిసరిగా ఉండాల్సింది భద్రత కోసం చేసే బీఐఎస్ రిజిస్ట్రేషన్. వస్తువు మీద ఐఎస్ నంబరు, దాంతోపాటు ఆర్ అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. వచ్చిన పేరు, డబ్బా మీది తయారీదారు పేరు వేర్వేరుగా ఉంటే ఆ అడాప్టర్ కొనకండి.

అడాప్టర్ వెనుక సన్న అక్షరాలు

అడాప్టర్‌ను వెనక్కి తిప్పి, అక్షరాలు కనిపించకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. మంచి 65 వాట్ల అడాప్టర్ మీద ఇలా ఉంటుంది: ఇన్‌పుట్ 100–240 వోల్టులు. అవుట్‌పుట్ 5 వోల్టులు 3 ఆంపులు, 9 వోల్టులు 3 ఆంపులు, 15 వోల్టులు 3 ఆంపులు, 20 వోల్టులు 3.25 ఆంపులు. కింద పీపీఎస్ (వోల్టేజిని చిన్నచిన్న మెట్లలో మార్చే పద్ధతి) అని, 3.3–11 వోల్టులు 5 ఆంపులు అని మరో వరుస.

ఇవన్నీ ఒకేసారి రావు. ఫోన్ పెట్టగానే అడాప్టర్ తన దగ్గర ఏమేం ఉన్నాయో చెబుతుంది, ఫోన్ అందులో ఒకటి అడుగుతుంది, అప్పుడు వోల్టేజి మారుతుంది. ఫోన్‌కు కావలసిన మెట్టు అడాప్టర్‌లో లేకపోతే ఇద్దరికీ కుదిరిన కింది మెట్టుకు దిగుతారు. అంటే పెద్ద వాట్ల పీడీ అడాప్టర్‌కు చిన్న ఫోన్ పెడితే ఫోన్ కాలిపోదు. అది అడిగినంతే వస్తుంది. ఈ భయంతో ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను పక్కన పెట్టి ఫోన్‌కు వేరే ఛార్జర్ కొనేవాళ్లు చాలామంది. ఆ డబ్బు దండగ.

వాట్లు పెద్దగా వేసి, వోల్టులు, ఆంపులు ఎక్కడా వేయని అడాప్టర్‌ను నమ్మొద్దు. "5 వోల్టులు 3.1 ఆంపులు" అని ఒక్క వరుసే ఉంటే, వోల్టులను ఆంపులతో గుణించి చూడండి, అది 15 వాట్ల మామూలు ఛార్జర్. డబ్బా మీద "సూపర్ ఫాస్ట్" అని ఎంత పెద్దగా రాసినా అంతే.

ఇక రెండు, మూడు పోర్టులున్న అడాప్టర్లు. "65 వాట్లు" అనేది ఒక్క పోర్టే వాడినప్పటి లెక్క. రెండోది పెడితే అది ఉదాహరణకు 45, 20గా చీలుతుంది. కొన్నిట్లో పాత పెద్ద యూఎస్‌బీ పోర్టు (ఏ టైప్) కూడా కలిపితే అది 15కు పడిపోతుంది. ఈ చీలిక కూడా "సీ1+సీ2" అని అడాప్టర్ మీదే రాసి ఉంటుంది. చాలా అడాప్టర్లలో రెండో వైరు పెట్టిన క్షణంలో మొదటిదానికి కరెంటు ఒక సెకను ఆగి మళ్లీ వస్తుంది. బ్యాటరీ పాడైపోయి, ఛార్జర్ మీదనే నడిచే ల్యాప్‌టాప్ అయితే ఆ సెకనుకే ఆగిపోతుంది. అలాంటి ల్యాప్‌టాప్‌కు ఒక్క పోర్టు అడాప్టరే వాడాలి.

ఏ ఫోన్‌కు ఏది

ఐఫోన్ 15, ఆ తర్వాతి మోడళ్లకు పిన్ను సీ టైప్, పద్ధతి పీడీ. 20 నుంచి 30 వాట్ల మంచి పీడీ అడాప్టర్ ఏ కంపెనీది పెట్టినా చాలు. ఐఫోన్ 14, అంతకు ముందువాటికి అడాప్టర్ అదే, వైరు మాత్రం ఒకవైపు సీ, మరోవైపు ఆపిల్ సొంత పిన్ను లైట్నింగ్. పాత ఐఫోన్ ఉందని వేరే అడాప్టర్ కొనాల్సిన పనిలేదు.

ఫాస్ట్ ఛార్జింగ్ పూర్తి వేగం రావాలంటే చాలా సామ్‌సంగ్ ఫోన్లకు పీడీలోనే పీపీఎస్ అనే భాగం కావాలి. ఫోన్ వోల్టేజిని చిన్నచిన్న మెట్లలో మార్చుకుంటూ అడిగే పద్ధతి ఇది. పీపీఎస్ లేని 65 వాట్ల అడాప్టర్ కంటే పీపీఎస్ ఉన్న 25 వాట్ల అడాప్టరే అలాంటి సామ్‌సంగ్‌కు వేగంగా ఎక్కిస్తుంది. 45 వాట్లు తీసుకునే చాలా సామ్‌సంగ్ మోడళ్లకు పీపీఎస్ ఉన్న 45 వాట్ల అడాప్టర్‌తో పాటు 5 ఆంపుల వైరు కూడా ఉండాలి. వాటికి వైరు 3 ఆంపులదైతే వేగం తగ్గుతుంది.

ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్, వివో, షావోమీ ఫోన్ల దగ్గర మాత్రం పైలం. వీటి అసలు వేగం సొంత పద్ధతుల్లోనే ఉంది. ఉదాహరణకు ఒప్పో పద్ధతి అయిన 65 వాట్ల సూపర్‌వూక్ 10 వోల్టుల మీద 6.5 ఆంపులు పంపుతుంది. సీ టైప్ ప్రమాణంలో వైరు హద్దు 5 ఆంపులే. అందుకే ఆ వేగానికి ఆ కంపెనీ అడాప్టర్, ఆ కంపెనీ వైరు రెండూ కావాలి. ఒకటి మారినా వేగం పోతుంది. పీడీ అడాప్టర్ పెడితే ఈ ఫోన్లు కూడా ఛార్జ్ అవుతాయి గానీ చాలావరకు తక్కువ వాట్లకు. ఎన్నింటికి అనేది మోడల్‌ను బట్టి మారుతుంది. ఆ ఫోన్ ఉన్నవాళ్లకు మా సలహా: డబ్బాలో వచ్చిన ఛార్జర్‌ను, వైరును ఇంట్లో ఒకే చోట పెట్టుకోండి. బయట, ఆఫీసులో, రాత్రిపూట మెల్లగా ఎక్కించడానికి పీడీ వాడండి. వైరు పోతే బజారు వైరు కొని "ఛార్జర్ పాడైంది" అనుకోవద్దు, ముందు ఆ కంపెనీ వైరు తెచ్చి చూడండి.

వేగం గురించి ఒక మాట. ఏ ఫోన్ అయినా మొదటి సగమే పూర్తి వాట్లు తీసుకుంటుంది. 80 శాతం దాటాక 25 వాట్ల ఛార్జర్‌కూ 65 వాట్ల ఛార్జర్‌కూ తేడా కనిపించదు. ఎండాకాలంలో ఆ సగం కూడా దొరకదు. చాలా ఫోన్లను 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీలే చెబుతాయి. మే నెలలో రామగుండం, వరంగల్ ఇళ్లలో మధ్యాహ్నం అంతకు మించే ఉంటుంది, ఫోన్ వేడెక్కి తనంతట తానే తగ్గించుకుంటుంది. దానికి కొత్త ఛార్జర్ మందు కాదు. పొద్దున్నే పెట్టండి, కవర్ తీసి పెట్టండి.

వైరు: అసలు మోసం ఇక్కడే

చూపుకు అన్నీ ఒకేలా ఉండే వస్తువు వైరే. లోపలి రాగి తీగ మందం బయటికి కనిపించదు. 28 గేజ్ రాగి తీగతో చేసిన ఒక మీటరు వైరులో పోను రాను కలిపి నిరోధం సుమారు 0.43 ఓములు. దానిలో 2 ఆంపులు పోతే 0.85 వోల్టు వైరులోనే ఖర్చవుతుంది. 5 వోల్టులు బయలుదేరితే ఫోన్ దగ్గరికి 4.15 చేరుతుంది. వోల్టేజి పడిపోవడం చూసి ఫోన్ తీసుకునే కరెంటును తగ్గించేస్తుంది. అదే ఇంకా మందమైన 24 గేజ్ తీగ అయితే తగ్గేది 0.34 వోల్టే. వైరు రెండు మీటర్లైతే రెండు లెక్కలూ రెట్టింపు. మంచం దాకా వచ్చే పొడుగు వైరు కావాలంటే మందం ఉన్నదే కొనాలి, లేదంటే చిన్న వైరు తీసుకుని ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరికి జరపాలి.

పీడీలో 9 వోల్టులు నడుస్తున్నప్పుడు అదే సన్న వైరులో అంతే తగ్గినా శాతంలో అది చిన్నది. అందుకే ఒకే వైరు కొత్త అడాప్టర్‌తో బాగా పనిచేసి, పాత 5 వోల్టుల అడాప్టర్‌తో నీరసంగా కనిపిస్తుంది.

రెండు వైపులా సీ ఉన్న వైర్లు రెండు తరగతులు. మామూలువి 3 ఆంపులు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే పిన్నులో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. "ఈ వైరు 5 ఆంపులు మోస్తుంది" అని అడాప్టర్‌కు చెప్పేది ఆ చిప్పే. అది లేని వైరుకు అడాప్టర్ 3 ఆంపులు దాటి ఇవ్వదు. ఇప్పుడు 65 వాట్ల ల్యాప్‌టాప్ లెక్క చూడండి: 20 వోల్టులు, 3.25 ఆంపులు. కేవలం పావు ఆంపు తేడా, అయినా 60 వాట్ల వైరు పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు "తక్కువ పవర్ అడాప్టర్" అని హెచ్చరిక చూపిస్తాయి. ల్యాప్‌టాప్‌కు వైరు కొనేటప్పుడు 100 వాట్లు లేదా 240 వాట్లు అని పిన్ను మీదనో డబ్బా మీదనో రాసి ఉన్నదే అడగండి.

ఛార్జింగ్ బాగా ఎక్కే వైరు ఫైళ్లు కూడా వేగంగా పంపుతుందని లేదు. చాలా ఛార్జింగ్ వైర్లలో డేటా వేగం పాత యూఎస్‌బీ 2 వేగమే, సెకనుకు 480 మెగాబిట్లు. టీవీకి, ప్రొజెక్టర్‌కు బొమ్మ పంపాలంటే వీడియో మోసే వైరు వేరు.

సీ టైప్ ఉంది, కానీ సీ వైరుతో ఎక్కదు

రాత్రిపూట మోటార్ దగ్గరికి పోయే రైతు తలకు కట్టుకునే లైటు, ట్రిమ్మర్, చిన్న ఫ్యాన్, చవక స్పీకర్. వీటి డబ్బాలో ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ, మరోవైపు సీ ఉన్న పొట్టి వైరు ఇస్తారు. దానితో ఎక్కుతుంది. ఫోన్ అడాప్టర్‌కు రెండు వైపులా సీ ఉన్న వైరు పెడితే ఛార్జింగ్ లైటు వెలగదు. "వస్తువు పోయింది" అని దుకాణానికి తెస్తారు. వస్తువు పోలేదు, తయారుచేసేటప్పుడే అందులో ఒక చిన్న ముక్క పెట్టలేదు.

సీ టైప్ అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు పవర్ బయటికి వదలదు. అవతలి పరికరంలో 5.1 కిలో ఓముల రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే చిన్న ముక్క) కనిపిస్తేనే 5 వోల్టులు వదులుతుంది. పాత పెద్ద యూఎస్‌బీ అడాప్టర్ అలా కాదు, ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. రెసిస్టర్ పెట్టని చవక వస్తువులు అందుకే పాతదానితో నడిచి కొత్తదానితో నడవవు. రెండు ఉండాల్సిన చోట ఒక్కటే పెడితే పిన్ను ఒకవైపు తిప్పితే ఎక్కుతుంది, రెండోవైపు తిప్పితే ఎక్కదు. యూరప్ తరహా నియమం, మన బీఐఎస్ ప్రమాణం నిజంగా అమలైతే పోవాల్సిన లోపం ఇదే, పిన్ను చూస్తే మాత్రం దొరకదు.

పరీక్ష తేలిక. కొనడానికి పోయేటప్పుడు రెండు వైపులా సీ ఉన్న వైరు, ఏదైనా పీడీ అడాప్టర్ జేబులో పెట్టుకుని వెళ్లండి. దుకాణంలోనే రెండు వైపులా తిప్పి పెట్టి చూడండి. ఇప్పటికే కొన్న వస్తువైతే రిపేరు చేసేవాళ్లు సీ సాకెట్‌లో అవతల ఏముందో అడాప్టర్‌కు చెప్పే రెండు సీసీ కాళ్ల నుంచి గ్రౌండ్‌కు ఒక్కొక్క 5.1 కిలో ఓముల రెసిస్టర్ అతికించి బాగు చేయగలరు. సాకెట్‌కు ఆ కాళ్లు ఉంటేనే కుదురుతుంది. కొన్ని చవక సాకెట్లలో ప్లస్, మైనస్ తప్ప మరేమీ ఉండవు. వాటికి పాత వైరే గతి.

ల్యాప్‌టాప్: సీ టైప్‌దా, గుండ్రటి పిన్నుదా

ఎన్ఐటీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో చేరబోయే పిల్లలకు ల్యాప్‌టాప్ కొంటుంటే, మామూలు చదువుకు, ప్రోగ్రామింగ్‌కు సీ టైప్‌తో ఛార్జ్ అయ్యేదే తీసుకోండి. హాస్టల్ గదిలో ఒక్క 65 వాట్ల అడాప్టర్ ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ పనికొస్తుంది, పోయినా ఏ దుకాణంలోనైనా మళ్లీ దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ రకాలకు ఆట నడుస్తున్నప్పుడు 150 వాట్లు దాటి కావాలి. వాటికి సొంత పిన్ను ఛార్జరే అసలుది, సీ టైప్ ఉన్నా అది ప్రయాణాల్లో వాడుకోవడానికే.

ల్యాప్‌టాప్‌కు సీ పోర్టు ఉన్నంత మాత్రాన దానితో ఛార్జ్ అవుతుందని కాదు. కొన్నింట్లో అది డేటాకే. స్పెసిఫికేషన్‌లో ఆ పోర్టు పక్కన "పవర్ డెలివరీ" అని ఉందా చూడండి, లేదా పోర్టు పక్కన ప్లగ్గు బొమ్మ ఉందా చూడండి.

పాత గుండ్రటి పిన్ను ల్యాప్‌టాప్‌కు సీ నుంచి గుండ్రటి పిన్నుకు మార్చే వైర్లు దొరుకుతాయి. లోపల ఒక చిప్ అడాప్టర్‌ను 20 వోల్టులు అడిగి తెస్తుంది. 19 వోల్టుల ల్యాప్‌టాప్‌లు చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి. డెల్, హెచ్‌పీల్లో గుండ్రటి పిన్ను మధ్యలో సన్న సూది ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో దాని ద్వారానే తెలుసుకుంటాయి. ఆ సమాచారం రాకపోతే నడుస్తాయి గానీ బ్యాటరీ ఎక్కదు. అలాంటివాటికి అదే రకానికి చేసిన వైరు కావాలి, లేదా పాత ఛార్జరే వాడాలి.

లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్‌కు రెండు కాళ్ల అడాప్టర్ పెడితే చేతికి సన్నగా జిల్లుమంటుంది. అది అడాప్టర్ లోపలి కెపాసిటర్ నుంచి వచ్చే అతి చిన్న కరెంటు, ప్రమాదం కాదు. ఎర్త్ కాలు ఉన్న ప్లగ్గు, ఇంట్లో సరైన ఎర్తింగ్ ఉంటే పోతుంది. గట్టిగా షాక్ కొడితే మాత్రం అది వేరే సమస్య, ఆ అడాప్టర్‌ను వెంటనే తీసేయండి.

విదేశం నుంచి తెచ్చినవి

కరీంనగర్, జగిత్యాల వైపు దుబాయ్ నుంచి ఫోన్ రాని ఊరు అరుదు. అక్కడి ప్లగ్గుకు మూడు దీర్ఘచతురస్రపు కాళ్లు, కరెంటు మనలాగే. అమెరికా అడాప్టర్‌కు రెండు బద్ద కాళ్లు. రెండింటి మీదా 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చే చిన్న కన్వర్టర్ చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేదు. కాజీపేటలో రైలెక్కితే చాలా కోచ్‌ల సాకెట్లలో 110 వోల్టులే ఉంటాయి. ఆ 100 నుంచి అన్న అంకె అక్కడ కూడా పనికొస్తుంది.

యూరప్ డబ్బాల మీద చిన్న బొమ్మ ఉంటుంది: ఛార్జర్ డబ్బాలో లేకపోతే దాని మీద కొట్టివేత గీత. పక్కన మరో బొమ్మలో రెండు అంకెలు, తక్కువలో తక్కువ ఎన్ని వాట్లు కావాలి, గరిష్ఠ వేగానికి ఎన్ని వాట్లు కావాలి అని. పీడీ ఉంటే ఆ అక్షరాలు కూడా ఉంటాయి. అక్కడి నుంచి ఫోన్ తెప్పిస్తుంటే ఆ బొమ్మ ఫొటో అడగండి. రెండో అంకెకు సరిపోయే అడాప్టర్ ఇక్కడ కొనుక్కోవచ్చు.

పోర్టులో పత్తి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఫోన్లలో ఒక లోపం మళ్లీమళ్లీ కనిపిస్తుంది. వైరు పెడితే వదులుగా ఉంటుంది, కదిలిస్తే ఎక్కుతుంది, వదిలితే ఆగుతుంది. పోర్టు పోయిందని మార్పించుకుంటారు. టార్చి వేసి చూస్తే పోర్టు అడుగున పత్తి నూగు, జేబు దుమ్ము కలిసి గట్టి అట్టలా అతుక్కుని ఉంటుంది. పిన్ను పూర్తిగా దిగాక దాని లోహం దాదాపు కనిపించకూడదు. మిల్లీమీటరు అంచు బయట కనిపిస్తుంటే లోపల ఏదో ఉంది.

ఫోన్ ఆఫ్ చేసి, చెక్క పుల్లను సన్నగా చెక్కి, పోర్టు గోడ పక్క నుంచి అడుగుకు పోనిచ్చి బయటికి గీకండి. మధ్యలో నాలుకలా ఉన్న సన్న పలకను తాకొద్దు. సీ టైప్‌లో విరిగేది అదే. పిన్నీసు, సూది వాడితే ఆ పలక మీది లోహపు గీతలు గీరుకుపోతాయి, అప్పుడు నిజంగానే పోర్టు మార్చాలి. నోటితో ఊదొద్దు, తేమ లోపలికి చేరుతుంది. తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే వైరు తీసేసి, పోర్టు కిందికి ఉండేలా నిలబెట్టి ఆరనివ్వండి. బియ్యంలో పెడితే ఆ పొడి కూడా లోపలికి చేరుతుంది.

ఇక పాత వైర్ల సంగతి. మైక్రో యూఎస్‌బీ వైరు ఒకటి, పాత పెద్ద యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. బటన్ ఫోన్లకు, రెసిస్టర్ లేని లైట్లకు, ట్రిమ్మర్లకు అవి ఇంకా కావాలి. ఉబ్బిన పవర్ బ్యాంక్, తీగ బయటపడ్డ వైరు, వాసన వచ్చే అడాప్టర్ మాత్రం ఉంచొద్దు. చెత్త బండిలో కూడా వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పవర్ బ్యాంక్‌ను ఇచ్చే ముందు రెండు సంచుల్లో వేరుగా కట్టి, దాని మీద "ఉబ్బింది" అని రాయండి.